ట్రెక్కింగ్ బ్యాగు కొనేముందు వెన్ను కొలత తీసుకోండి

మీరు రాసిన వివరాలు ఇవీ: బెంగళూరు మారతహళ్లిలో ఉంటారు, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 52 కిలోలు. జూన్ నెలాఖరులో ఒక ట్రెక్కింగ్ బృందంతో హిమాచల్‌లోని హంప్టా పాస్ అనే కనుమకి వెళ్తున్నారు. అలవాటు కోసం మీ అన్నయ్య 70 లీటర్ల బ్యాగు తగిలించుకుని కర్ణాటకలోని కుమార పర్వతం ఎక్కితే గంట తిరక్కుండానే భుజాలు పీకేశాయి, కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. షాపులో అడిగితే హిమాలయాలకైతే 65 లీటర్లది తీసుకోమన్నారు. ఎనిమిది వేలలో ఏది కొనాలని మీ ప్రశ్న.

మీకు కావలసింది 45 నుంచి 50 లీటర్ల బ్యాగు. వెనక భాగం పొడవు మార్చుకునే వీలు ఉండాలి. ఆడవాళ్ల కొలతలతో కుట్టినది దొరికితే ఇంకా మంచిది. 65 లీటర్లది వద్దు.

ముందు ఆ వేళ్ల తిమ్మిరి సంగతి చెప్పాలి. అలవాటు లేక అలా అయిందనుకుని వదిలేయకండి. మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు కాలరెముక కిందుగా, చంక పక్కగా పోతాయి. బరువైన బ్యాగు పట్టీ అక్కడే గంటల తరబడి నొక్కుతుంటే ముందు తిమ్మిరి వస్తుంది, తర్వాత చేతిలో పట్టు తగ్గుతుంది. సైనికుల్లోనూ ట్రెక్కర్లలోనూ కనబడే ఈ ఇబ్బందిని వైద్యులు రక్‌శాక్ పాల్సీ అంటారు. బరువు దించాక చాలామందికి తగ్గిపోతుంది. రెండు రోజులైనా తిమ్మిరి పోకపోయినా, చెయ్యి పైకెత్తడం కష్టంగా ఉన్నా డాక్టరుకు చూపించండి. ఆ బ్యాగుతో మాత్రం మళ్లీ కొండెక్కకండి.

మీ అన్నయ్య బ్యాగు మంచిదే అయివుండొచ్చు, కానీ అది ఆయన ఒంటికి సరిపోయేది. మన ఊళ్లలో ఆడవాళ్లు నీళ్ల బిందె మోసేటప్పుడు చూడండి. బిందె అడుగు నడుం ఎముక మీద ఆనుతుంది, చెయ్యి దాన్ని పడిపోకుండా పట్టుకుంటుంది. ట్రెక్కింగ్ బ్యాగూ అలాగే పనిచేయాలి. బరువులో అధిక భాగం నడుముకి బిగించే హిప్ బెల్టు ద్వారా తుంటి ఎముకల మీదికి, అక్కణ్నుంచి కాళ్లలోకి దిగాలి. భుజం పట్టీల పని బ్యాగు వెనక్కి వాలకుండా చూడటం. 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అల్యూమినియం చట్రం ఉన్న బ్యాగులు చేసి అమ్మడం మొదలుపెట్టినప్పటి నుంచీ ట్రెక్కింగ్ బ్యాగులు చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. తర్వాత చట్రం బ్యాగు లోపలికి వచ్చింది, సూత్రం మారలేదు.

బ్యాగు వెనక భాగం మీ వెన్నుకన్నా పొడవుగా ఉందనుకోండి. భుజం పట్టీలు భుజాల మీద సరిగ్గా కూర్చోవాలని మీరు బిగిస్తూ పోతే, హిప్ బెల్టు తుంటి ఎముకలు దాటి పిరుదుల మీదికి జారుతుంది. ఇక బరువు మోయడానికి భుజాలు తప్ప ఏమీ మిగలవు. మీకు జరిగింది ఇదే అని నా నమ్మకం. వెనక భాగం మరీ పొట్టిదైతే బెల్టు పొట్ట మీదికి ఎక్కి ఊపిరి తీసుకోనివ్వదు, పట్టీలు భుజాలను కిందికి లాగుతుంటాయి. లీటర్ల లెక్క ఎంత సరిగ్గా వేసుకున్నా ఈ కొలత తప్పితే ఆ బ్యాగు మిమ్మల్ని బాధపెడుతుంది. అందుకే షాపుకి వెళ్లేముందే కొలత తీసుకోండి.

దీనికి ఇంకొకరి సాయం, దర్జీలు వాడే మెత్తటి టేపు ఉంటే చాలు. తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక ఎముక బొడిపెలా పైకి తేలుతుంది. అది ఏడో మెడపూస, కొలత అక్కడ మొదలవుతుంది. ఇప్పుడు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, తుంటి ఎముకల పై అంచు ఎక్కడుందో నొక్కి చూసుకోండి. బొటనవేళ్లు వెనక్కి ఉండాలి. ఆ రెండు బొటనవేళ్ల మధ్య గీత గీసినట్టు ఊహించుకుంటే అది వెన్నెముకను తాకే చోట కొలత ముగుస్తుంది. తల ఎత్తి నిటారుగా నిలబడి, టేపును వెన్ను ఒంపు వెంబడే ఆనించి కొలిపించుకోండి. చాలా కంపెనీల లెక్కలో 15 అంగుళాల దాకా ఎక్స్‌ట్రా స్మాల్, 16, 17 ఉంటే స్మాల్, 18, 19 ఉంటే మీడియం, 20 దాటితే లార్జ్. కంపెనీని బట్టి అంగుళం అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఆ మోడల్ పట్టికతో సరిచూసుకోండి. మీ ఎత్తు చెబితే సైజు చెప్పేసేవాళ్ల మాట వినకండి. ఆరడుగుల మనిషికి కాళ్లు పొడుగై వెన్ను పొట్టిగా ఉండొచ్చు, అయిదడుగుల మనిషికి అందుకు తిరగబడి ఉండొచ్చు.

సన్నగా ఉన్నవాళ్లు ఇంకొకటి తప్పకుండా చూసుకోవాలి, షాపుల్లో దీన్ని ఎవరూ చెప్పరు. హిప్ బెల్టును పూర్తిగా బిగించినప్పుడు ముందువైపు రెండు మెత్తటి దిళ్ల మధ్య కనీసం మూడు నాలుగు అంగుళాల ఖాళీ మిగలాలి. రెండూ వచ్చి ఒకదానికొకటి తగిలాయంటే ఆ బెల్టు మీకు పెద్దది. ఇంకా బిగించడానికి చోటుండదు. ట్రెక్‌లో నాలుగో రోజుకి నడుము కాస్త తగ్గుతుంది, లోపలి చొక్కాల మందం మారుతుంది, అప్పుడు బెల్టు జారడం మొదలవుతుంది. ఆడవాళ్ల కోసం చేసిన బ్యాగుల్లో బెల్టు కిందికి వచ్చేకొద్దీ వెడల్పవుతూ తుంటి ఆకారానికి తగ్గట్టు ఉంటుంది, భుజం పట్టీలు ఛాతీని నొక్కకుండా పక్కకి వంపు తిరిగి ఉంటాయి, వెనక భాగం పొట్టిగా ఉంటుంది. ఇవన్నీ నిజంగా పనికొచ్చే తేడాలే. అయితే రంగు మార్చి ఆడవాళ్ల బ్యాగు అని పేరు పెట్టినవీ ఉంటాయి. పట్టీ ఆకారం, బెల్టు ఆకారం మీ కళ్లతో చూసి, తగిలించుకుని నిర్ణయించుకోండి.

ఇక లీటర్లు. హంప్టాకి మీరు వెళ్తున్నది బృందంతో. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, వంట సామాను, తిండి మామూలుగా నిర్వాహకులే మోయిస్తారు. మీ ప్యాకేజీలో స్లీపింగ్ బ్యాగు ఉందో లేదో ఒకసారి అడిగి తెలుసుకోండి. ఉంటే మీ బ్యాగులో పెట్టాల్సింది బట్టలు, చలికోటు, వానకోటు, రెండు లీటర్ల నీళ్లు, టార్చి, మందులు, టిఫిను డబ్బా. వీటికి 65 లీటర్లు అక్కర్లేదు. పెద్ద బ్యాగులో ఖాళీ కనబడితే మూడో జత జీన్స్, రెండో స్వెట్టరు లోపలికి వెళ్లిపోతాయి. అదీగాక ఖాళీగా ఉన్న పెద్ద బ్యాగులో సామాను అటూ ఇటూ కదులుతుంటే బరువు వెనక్కి లాగుతుంది.

ఊహతో చెప్పుకోవడం దేనికి, కొలిచి చూడండి. పట్టుకెళ్లే సామానంతా ఇంట్లో ఉన్న అట్టపెట్టెలో మామూలుగా సర్దండి. పెట్టె పొడవు, వెడల్పు, సామాను వచ్చిన ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడూ గుణించి 1,000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 40, 30, 35 అయితే 42 లీటర్లు. దానికి మరో అయిదు కలుపుకుంటే మీ బ్యాగు సైజు తేలుతుంది. ఈ పని బ్యాగు కొనకముందే చేయాలి, అంటే చలికోటూ వానకోటూ ముందు సమకూర్చుకుని బ్యాగు చివర్లో కొనాలి. కొన్ని కంపెనీలు బయటి జేబుల్ని కూడా లీటర్లలో కలిపేస్తాయి, కొన్ని కలపవు. అందుకే రెండు కంపెనీల 50 లీటర్ల బ్యాగులు పక్కపక్కన పెడితే ఒకటి చిన్నదిగా కనబడుతుంది.

బరువు విషయంలో ట్రెక్కర్లు పాటించే లెక్క ఒకటుంది: రోజుల తరబడి మోసే బ్యాగు మన ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదు. మీ 52 కిలోలకి అది దాదాపు పదిన్నర కిలోలు. నీళ్లతో కలిపి తొమ్మిది దగ్గర ఆపుకోండి. హంప్టా కనుమ ఎత్తు సుమారు 4,270 మీటర్లు, అంటే 14,000 అడుగులు. కుమార పర్వతం 1,712 మీటర్లు. హంప్టా ఎత్తులో గాలి పలచనైనప్పుడు ఇక్కడ తెలియని ఒక్క కిలో అక్కడ బాగా తెలుస్తుంది. ఖాళీ బ్యాగు బరువు కూడా ఇందులోకే వస్తుంది. మంచి చట్రం ఉన్న 50 లీటర్ల బ్యాగు కిలోన్నర నుంచి రెండు కిలోల మధ్య ఉండొచ్చు. చట్రం లేని తేలికపాటి బ్యాగులు కిలోకన్నా తక్కువే తూగుతాయి, అయితే వాటిలో బరువును తుంటి మీదికి దించే చట్రం ఉండదు కాబట్టి మొదటి బ్యాగుగా వాటిని నేను ఎవరికీ చెప్పను.

"మ్యూల్ మీద వేసేస్తే సరిపోతుంది కదా" అని మీ స్నేహితురాలు అన్నారని రాశారు. డబ్బు కట్టి బ్యాగును కంచర గాడిద మీద పంపించవచ్చు, అందులో తప్పేం లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే మేలు. కానీ జూన్ నెలాఖరులో కనుమ దగ్గర మంచు ఇంకా ఉంటుంది. మంచు మరీ ఎక్కువైతే గాడిదలు దాటలేవు, ఆ రోజు ఎవరి బ్యాగు వాళ్లే మోయాలి. పైగా బ్యాగు పంపించేసినా నీళ్లు, వానకోటు, తిండికి 20 లీటర్ల చిన్న బ్యాగు మీ వీపున ఉండాల్సిందే. మోయగలిగే బ్యాగే కొనుక్కుని, పంపాలో వద్దో అక్కడ నిర్ణయించుకోండి.

వెనక భాగం రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి బిగించి కట్టిన జాలీ ఉండి, వీపుకీ బ్యాగుకీ మధ్య గాలి ఆడేది. రెండోది ఫోమ్ మెత్తలతో వీపుకి అంటుకుని ఉండేది. గిరిగద్దె దాటాక కుమార పర్వతం దారి చాలావరకు నీడ లేని గడ్డి కొండ, అక్కడ జాలీ రకం హాయిగా ఉంటుంది. అయితే జాలీ వల్ల బరువు వీపు నుంచి కొన్ని సెంటీమీటర్లు దూరం జరుగుతుంది. తొమ్మిది కిలోలకి అది పెద్ద సంగతి కాదు, పదిహేను దాటితే వెనక్కి లాగినట్టుంటుంది. మీ బరువుకి ఏదైనా పర్లేదు, ఒంటికి ఏది కుదిరితే అది.

బట్ట గురించి ఎక్కువ ఆలోచించకండి. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే డెనియర్. 210 డెనియర్ నైలాన్ ఈ పనికి చాలు, అడుగు భాగం ఇంకాస్త మందంగా ఉంటే రాళ్ల మీద పెట్టినా చిరగదు. జిప్పుల్ని లోపల సామాను నిండుగా ఉన్నప్పుడు లాగి చూడండి. బకిళ్లు చలిలో చేతి తొడుగులతో తీయగలిగేలా ఉండాలి.

వాన గురించి మాత్రం ఆలోచించాలి. మన సహ్యాద్రిలో వాన ఎలా ఉంటుందో మీకు తెలుసు, ఆగుంబెలో ఏడాదికి సగటున 7,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. బ్యాగుతో వచ్చే రెయిన్ కవర్ పై నుంచి పడే వానని ఆపుతుంది. మెడ మీద నుంచి వీపు వెంబడి కారే నీళ్లను ఆపలేదు, ఎందుకంటే వీపు వైపు కవర్ ఉండదు. పెద్ద గాలికి అది ఎగిరిపోతుంది కూడా. కవర్ ఉన్నా లోపల ఒక మందపాటి పాలిథిన్ సంచి పరిచి, సామానంతా అందులో సర్ది, మూతి మెలితిప్పి మడిచేయండి. చక్కెర బస్తాల లోపల ఉండే రకం సంచి సరిగ్గా పనికొస్తుంది. చిక్‌పేటలో ప్లాస్టిక్ సామాను అమ్మే కొట్లలో అడిగితే చాలా తక్కువలో వస్తుంది. హిమాలయాల్లో రాత్రి వేసుకోవాల్సిన పొడి బట్టలు, చలికోటు తడిస్తే అది అసౌకర్యంతో ఆగదు, ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వీటిని ఆ పెద్ద సంచిలోనే ఇంకో చిన్న సంచిలో విడిగా కట్టండి.

కొట్టు దగ్గరికి వద్దాం. సర్జాపూర్ రోడ్డు డెకాథ్లాన్ మీకు దగ్గర. వాళ్ల ట్రెక్కింగ్ బ్యాగుల్లో వెనక భాగం పొడవు మార్చుకునేవి, ఆడవాళ్ల రకాలూ ఉంటాయి. ముందు అవి వేసి చూడండి. వైల్డ్‌క్రాఫ్ట్ మన బెంగళూరు కంపెనీయే, వాటినీ వేసుకుని చూడండి, కానీ వెనక పొడవు మారుతుందా లేదా అని మోడల్ మోడల్‌కీ అడగండి. ఓస్ప్రే ఆరా, డాయిటర్ ఎస్ఎల్ రకాలు ఆడవాళ్ల ఒంటికి చాలా బాగా కుదురుతాయి, మీ ఎనిమిది వేలకి మాత్రం ఎక్కువవుతాయి. ఏటా రెండు మూడు పెద్ద ట్రెక్‌లు చేస్తానని మీకు గట్టిగా అనిపిస్తే అప్పుడు ఆలోచించండి. బెంగళూరులో ట్రెక్కింగ్ సామాను అద్దెకిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. చలికోటు, కర్రలు, మంచులో వేసుకునే తొడుగులు అద్దెకు తీసుకుని ఆ డబ్బు బ్యాగు మీద పెట్టండి. బూట్లూ బ్యాగూ మాత్రం అద్దెకి వద్దని నా అభిప్రాయం, ఆ రెండూ మీ ఒంటి కొలతకి ఉండాలి.

షాపులో ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. ఎనిమిది, తొమ్మిది కిలోల బరువు వేయించండి. బరువు సంచులు లేవంటే అక్కడి డంబెల్స్‌నో నీళ్ల సీసాలనో బట్టల్లో చుట్టి పెట్టమనండి. తర్వాత పట్టీలన్నీ వదులు చేసి బ్యాగు ఎత్తుకోండి. మొదట హిప్ బెల్టు. దిళ్ల మధ్య భాగం తుంటి ఎముక పై అంచు మీద పడేలా పెట్టి బిగించండి. తర్వాత భుజం పట్టీలు, మరీ గట్టిగా వద్దు. ఆ తర్వాత భుజాల పైన ఉండే చిన్న లోడ్ లిఫ్టర్ పట్టీలు లాగండి, అవి భుజం నుంచి బ్యాగు వైపు దాదాపు 45 డిగ్రీల వాలుతో ఉండాలి. చివర్లో ఛాతీ పట్టీ. ఇప్పుడు పక్కనున్నవాళ్లని వెనక నుంచి చూడమనండి. భుజం పట్టీ భుజాన్ని చుట్టుకుని వీపు మీదికి ఆనుతూ దిగాలి. భుజానికీ పట్టీకీ మధ్య వేళ్లు దూరేంత సందు ఉంటే వెనక భాగం మీకు పొడవైనట్టు. భుజం పట్టీలు ఒక్క క్షణం వదులు చేసి చూడండి. బరువు తుంటి మీద అలాగే నిలబడితే బ్యాగు కుదిరింది. కిందికి జారిపోతే కుదరలేదు. ఆ బరువుతోనే ఇరవై నిమిషాలు షాపులో తిరగండి, మెట్లెక్కండి, వంగి లేవండి. సేల్స్ కుర్రాడు తొందరపెట్టినా మీరు తొందరపడకండి.

కొన్నాక ట్యాగు తీయకుండా ఇంట్లో ఇంకోసారి చూడండి. అయిదు కిలోల సోనా మసూరి బియ్యం సంచి దుప్పట్లో చుట్టి బ్యాగు మధ్యలో పెట్టి, పైన బట్టలు నింపి, అపార్ట్‌మెంట్ మెట్లు అరగంట ఎక్కి దిగండి. వెనక్కి ఇచ్చే గడువు ఎన్నాళ్లో బిల్లు తీసుకునేటప్పుడే అడిగి ఉంచుకోండి. కుదిరిందని తేలాక ఆదివారాలు నంది కొండకి సుల్తాన్‌పేట వైపు మెట్లదారిన ఎక్కండి. మొదటి వారం అయిదు కిలోలు, వారానికి ఒక కిలో పెంచుతూ తొమ్మిదికి రండి.

సర్దేటప్పుడు తేలికైన మెత్తటి బట్టలు అడుగున, బరువైనవి వీపుకి ఆనించి మధ్యలో, వానకోటు అన్నిటికన్నా పైన. రెండు నీళ్ల సీసాలు రెండు పక్కలా సమానంగా ఉంచండి. హంప్టా దారిలో చల్లటి వాగులు కాళ్లతో దాటాల్సి వస్తుంది. నీళ్లలో దిగేముందు హిప్ బెల్టు, ఛాతీ పట్టీ రెండూ తీసేయండి. కాలు జారితే బ్యాగు వెంటనే వదిలించుకోగలగాలి. మిగతా సందర్భాల్లో బెల్టు ఎంత ముఖ్యమో అక్కడ దాన్ని విప్పడం అంత ముఖ్యం.

విమానంలో వెళ్లేటట్టయితే, చెకిన్ చేసేముందు పట్టీలన్నీ బిగించి లోపలికి దోపి, పెద్ద గోనెలోనో పాత దుప్పటి కవర్లోనో వేసి మూతి కట్టండి. కన్వేయర్ బెల్టులో పట్టీ ఇరుక్కుంటే బకిల్ విరుగుతుంది, మనాలీ వెళ్లాక హిప్ బెల్టు బకిల్ విరిగిందని తెలిస్తే ట్రెక్ మొత్తం కష్టమవుతుంది. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, నడక కర్రలు చెకిన్‌లోనే వెళ్లాలి.

తిరిగొచ్చాక బ్యాగును వాషింగ్ మెషీన్లో వేయకండి. బకెట్లో గోరువెచ్చని నీళ్లు, కాస్త మెత్తటి సబ్బుతో తుడిచి నీడన ఆరేయండి. బట్ట లోపలివైపు ఉండే పాలీయురిథేన్ పూత చెమ్మకి మెల్లగా విడిపోయి జిగురుగా అవుతుంది, వాసన వస్తుంది. తడి మీద మడిచి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పడేస్తే అది ఇంకా త్వరగా మొదలవుతుంది. గాలి ఆడే చోట వేలాడదీస్తే ఏళ్ల తరబడి ఉంటుంది.

వెన్ను కొలత, నడుము చుట్టుకొలత తీసుకున్నాక రెండూ అంగుళాల్లో రాయండి. అట్టపెట్టె లెక్క ఎంత వచ్చిందో కూడా రాస్తే ఏ సైజు అడగాలో చెబుతాను.